పదకొండో వార్డులో బంతి పరీక్ష

మల్లెలవాగు పట్టణానికి ఆ ఏడాది ఎండలూ గోల్ఫూ ఒకే వారంలో వచ్చాయి. ఎండలు ఏటా వచ్చేవే కాబట్టి పురపాలక సంఘంలో వాటిని ఎవరూ పట్టించుకోలేదు. గోల్ఫు మాత్రం పై ఆఫీసు నుంచి సర్క్యులర్ మీద ఎక్కి వచ్చింది. దానికి అందరూ లేచి నిలబడ్డారు.

పెద్ద పెద్ద పెట్టుబడిదారులు కుర్చీల్లో కూర్చుని మాట్లాడరట. పచ్చిక మీద తీరుబడిగా నడుస్తూ, మధ్యమధ్యలో ఒక తెల్ల బంతిని కర్రతో కొడుతూ, తొమ్మిదో గుంట దగ్గరికి వచ్చేసరికి ఫ్యాక్టరీ పెట్టాలో వద్దో తేల్చేస్తారట. అందుచేత ప్రతి పురపాలక సంఘమూ తొంభై రోజుల్లో 'గోల్ఫ్ సంసిద్ధత' సాధించాలి. మైదానం, కర్రలు, టోపీలు తర్వాతి దశల్లో వస్తాయి. మొదటి దశలో బంతిని ఎంపిక చేయాలి. సర్క్యులర్ భాషలో చెప్పాలంటే, "దూరగామిత్వము, భ్రమణశీలత, నియంత్రణీయత అను త్రివిధ గుణములందు సమతుల్యత గల ఏకైక గోళమును శాస్త్రీయముగా నిర్ధారించి నివేదించవలెను."

అంటే బంతి దూరం పోవాలి, గిర్రున తిరగాలి, ఆగమన్నచోట ఆగాలి. ఈ మూడూ ఒక మనిషిలోనే దొరకవు.

ఇంజినీరింగ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు దమయంతి ఆ సర్క్యులర్లో ఆఖరి పేరా మాత్రం రెండుసార్లు చదివింది. సంసిద్ధత సాధించేవరకు మిగతా ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలిపేయాలి. గోల్ఫు ఫైళ్ళను మాత్రం ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరించాలి.

నిలిచిపోయే ఫైళ్ళలో ఆమె ప్రాణం పెట్టుకున్నది ఒకటుంది. పదకొండో వార్డులో వాటర్ ట్యాంకు కింద మోటారు కాలిపోయి తొమ్మిది నెలలైంది. నాలుగు రోజులకోసారి ట్యాంకర్ వస్తుంది. అది వచ్చిన రోజు వీధిలో చుట్టరికాలు ఉండవు. దమయంతి కాపురం ఆ వార్డులోనే. ఆమె అత్తగారు రవణమ్మ ఇంట్లో ఎవరు ఏ రోజు తల స్నానం చేయాలో గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది. కోడలు మున్సిపాలిటీలో పనిచేస్తుందన్న సంగతి ఆవిడ రోజుకొకసారి ప్రస్తావించేది. గర్వంతో మాత్రం కాదు.

"ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా! ఒక్క మోటారు తెచ్చుకోలేకపోయావే. అదే మా పుట్టింటి వైపు అయితే బిల్ కలెక్టరు ఇంటికి కూడా రెండు కుళాయిలు."

కొత్త మోటారు కోసం దమయంతి రాసిన ఫైలు తొమ్మిది బల్లలు దాటి, చివరికి కమిషనర్ త్రివిక్రమరావు గారి బల్ల మీదికి చేరింది. ఆయన కలం మూత తీసిన పూటే గోల్ఫు వచ్చింది. ఆయన మూత పెట్టేశారు.

మర్నాడే 'గోల్ఫ్ గోళ ఎంపిక సంఘం' ఏర్పడింది. కమిషనర్ గారు అధ్యక్షులు, ఇంజినీరు ఇమ్మానుయేలు గారు సాంకేతిక సభ్యులు. దస్తూరి బాగుంటుందన్న కారణం చేత దమయంతి కన్వీనర్. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో గోల్ఫు ఆడినవారు లేరు, చూసినవారూ లేరు. ఇంజినీరు గారు మాత్రం ఒకసారి విమానంలోంచి పైనుంచి చూశారట, అదీ గోల్ఫు మైదానమో చేపల చెరువో ఆయనకి ఇప్పటికీ అనుమానమే.

"సార్, మొదట దొరికిన బంతినే ఇవాళ రాసి పంపేద్దామా?" అంది దమయంతి. "పని తొందరగా అయిపోతే మోటారు ఫైలు కదులుతుంది."

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీశారు. ఉపన్యాసం వచ్చే ముందు ఆయన అలా తీస్తారు.

"దమయంతి గారూ, నీరు అన్నది స్థానిక సమస్య. బంతి అన్నది దార్శనికత. దొరికినదాన్ని రాయడం పరిపాలన కాదు, పచారీ కొట్టు. మనం జిల్లాలో మొట్టమొదటి గోల్ఫ్ సంసిద్ధ పట్టణం కావాలి. ఏమంటారు ఇంజినీరు గారూ?"

"సాంకేతికంగా మీరు చెప్పిందే సార్," అన్నారు ఇమ్మానుయేలు గారు. ఆయన ఏదన్నా సాంకేతికంగానే ఒప్పుకుంటారు.

వారం తిరిగేసరికి మూడు రకాల బంతులు నమూనాగా వచ్చాయి. వాటికి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. 'ఏ' బంతి రాయిలాగా గట్టిది. సీ బంతి కాస్త మెత్తన, గోరుతో నొక్కితే ఒప్పుకునే రకం. బీ ఈ రెంటికీ మధ్యన, ప్రభుత్వోద్యోగిలాగా ఎటూ కాకుండా ఉంది. కమిషనర్ గారు 'ఏ' బంతిని చేతిలోకి తీసుకుని భూతద్దంతో చూసి మొహం ముడిచారు.

"ఏమిటండీ ఇది? ఒళ్ళంతా గుంటలు! సప్లయరు మనకి పాడైన సరుకు అంటగట్టాడు."

"గుంటలుంటేనే గాల్లో దూరం పోతుందట సార్. కాగితంలో రాశారు," అంది దమయంతి, డబ్బాలో వచ్చిన కరపత్రం చూపిస్తూ.

కమిషనర్ గారు ఇంజినీరు గారి వైపు చూశారు. "మన మెయిన్ రోడ్డు మీద ఇన్ని గుంటలున్నాయి గదండీ. మరి మన బళ్ళెందుకు ముందుకి పోవు?"

"అవి సాంకేతికంగా లోతెక్కువ సార్."

ఆ మాటను మినిట్స్‌లో రాయవద్దని దమయంతికి చెప్పారు.

పది రోజులు బంతులు ఆఫీసులోనే పరీక్షకు గురయ్యాయి. వరండాలో దొర్లించి టేపుతో కొలిచారు. ఫ్యాను కింద బల్ల మీద బొంగరంలా తిప్పి చూశారు. మెట్ల మీంచి వదిలి ఎన్నో మెట్టు మీద ఆగుతుందో రాసుకున్నారు. సీ బంతి ఒకసారి జనన మరణ ధ్రువపత్రాల సెక్షన్లోకి దొర్లిపోయి రెండు రోజులు దొరకలేదు. దొరికాక, ఆ సెక్షన్లో పడ్డది రెండు రోజులకే బయటికి రావడం రికార్డని అందరూ అనుకున్నారు. మోటారు ఫైలు మీద మాత్రం దుమ్ము పేరుకుంటూ ఉంది. పదకొండో వార్డులో ట్యాంకర్ ఐదు రోజులకోసారికి దిగింది. రవణమ్మ గోడ మీద బొగ్గుతో రాసిన పట్టిక చెరిపి, కొత్త పట్టిక రాసింది. అందులో కోడలి పేరు అందరికంటే కింద ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం దమయంతి పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, ఏమీ తోచక, బంతి కరపత్రం మొత్తం చదివింది. చదివేవాళ్ళు ఉంటారని దాన్ని రాసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. బంతి అదుపు తెలియాలంటే అది తడి పచ్చిక మీద పడ్డాక ఎంతలో ఆగుతుందో చూడాలి.

ఆమె ఊరగాయ ముక్క నాలిక మీద పెట్టుకుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. తర్వాత చేయి కడుక్కుని నోటు రాసింది.

"నియంత్రణీయతను పొడి నేలపై నిర్ధారించుట అసాధ్యము. తడి పచ్చిక అవసరము. పట్టణములో పచ్చిక లేదు. పురపాలక సంఘమునకు చెందిన ఖాళీ స్థలము పదకొండవ వార్డు నీటి ట్యాంకు చుట్టూ మాత్రమే కలదు. పచ్చిక పెరుగుటకు నీరు, నీటికి మోటారు అవసరము. కావున గోళ పరీక్షా ఉపకరణముగా ఒక మోటారును మంజూరు చేయగోరడమైనది. పచ్చికకు పోగా మిగులు నీరు వృథా కాకుండా కుళాయిలకు వదలవచ్చును."

కమిషనర్ గారు ఆ నోటు నిలబడే చదివారు, నిలబడే సంతకం చేశారు.

"ఇదీ దార్శనికత అంటే! చూశారా ఇంజినీరు గారూ, ఆవిడకిప్పటికి అర్థమైంది."

తొమ్మిది నెలలు రాని మోటారు మూడో రోజు పొద్దున లారీలో వచ్చింది. ఇమ్మానుయేలు గారు దాని మీద ఎర్ర రంగుతో 'గో.ప.ఉ.' అని రాయించి ఒక షరతు కూడా జోడించారు. పరీక్షా ఉపకరణం కాబట్టి పరీక్ష జరుగుతున్నంతసేపే మోటారు తిరగాలి. బంతి కొట్టడం ఆగితే మోటారు ఆగాలి. ఒక్కొక్క బంతికి రోజుకు ముప్ఫై దెబ్బలు.

పచ్చిక మొలిచేదాకా పరీక్ష ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు. దమయంతి గుర్తు చేయలేదు.

కర్రలు తర్వాతి దశలో గదా. ట్యాంకు పక్కనే రెండేళ్ళ కిందట ఎండిపోయిన బోరింగు ఒకటుంది. దాని ఇనుప చెయ్యి ఊడదీసి, 'ప్రత్యామ్నాయ తాడన పరికరము' అని పేరు పెట్టారు. మొదటి రోజు ఆరింటికి ఇమ్మానుయేలు గారు ట్రాక్ సూట్లో వచ్చి, దాన్ని రెండు చేతులా ఎత్తి, మూడు దెబ్బలు కొట్టారు. మూడోది నేలకి తగిలింది. నాలుగోదానికి ఆయన వంగారు గానీ లేవలేదు.

"ఏమైంది సార్?"

"నడుము... సాంకేతికంగా... పట్టేసింది."

ఆటోలో పడుకోబెట్టి పంపారు. మోటారు ఆగిపోయింది. కుళాయిల ముందు బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"ఏంది దమయంతక్కా, సుక్క వచ్చిందో లేదో ఆగిపోయింది!" ఇడ్లీ బండి మస్తానమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది. ఆ వీధిలో పిండి రుబ్బడానికైనా, తగాదా తీర్చడానికైనా ఆమే.

"బంతిని కొడుతుంటేనే మోటారు తిరుగుతుంది మస్తానమ్మా. ఆర్డరు."

"ఎవురు కొట్టాలని రాసుండాది ఆర్డర్లో?"

దమయంతి తీసి చూసింది. ఎవరు కొట్టాలో రాయలేదు.

"ఇటు తే అక్కా ఆ ఇనప ముక్క. ఇరవై ఏళ్ళు ఈ బోరింగు కొట్టిన చెయ్యి ఇది. దీని మంచీ చెడ్డా నాకు దెలుసు."

మస్తానమ్మ కాళ్ళు ఎడంగా పెట్టి, దాన్ని వెనక్కి తిప్పి, ఒక్కటిచ్చింది. 'ఏ' బంతి ట్యాంకు దాటి, హైస్కూలు గోడ దాటి, అవతల చింతల రాఘవులు గారి మేడ మీద ఆరబెట్టిన వడియాల్లో పడింది. మోటారు గుర్రుమంది. కుళాయిలు దగ్గి, ఊసి, నీళ్ళు వదిలాయి.

ఆ రోజు నుంచి పదకొండో వార్డులో కొత్త ఆచారం మొదలైంది. పొద్దున ఆరింటికి బిందెల వరస ఒకటి, బంతి కొట్టేవాళ్ళ వరస ఒకటి. మనిషికి మూడు దెబ్బలు. దమయంతి కుర్చీ వేసుకుని ఏ బంతి ఎంత దూరం పోయింది, పడ్డాక ఎంత తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నీ రాసుకునేది. తొంభై దెబ్బలకి గంటన్నర పట్టేది. ఆ గంటన్నరలో ట్యాంకు సగం పైన నిండేది.

"ఏం కొట్టుడే అది? దోమని తోలినట్టు! నీ దెబ్బకి అర బిందె గూడా నిండలా."

"నీకేం వదినా, గట్టి బంతి తీసుకున్నావు. నాకు ఆ మెత్తంది ఇవ్వమంటే ఇవ్వకపోతివి."

ఇలాంటి మాటల మధ్య నెల తిరిగేసరికి వాళ్ళందరికీ చెయ్యి కుదిరింది. పచ్చిక మొలిచింది. మస్తానమ్మ ఆడబిడ్డ సుభాని బంతి పచ్చిక మీద పడి, గిర్రున వెనక్కి తిరిగి వచ్చి, రాయి పక్కన ఆగేలా కొట్టడం నేర్చుకుంది. రవణమ్మ కూడా ఒక రోజు ఊతకర్ర పక్కన పడేసి రెండు దెబ్బలు కొట్టింది. గోడ మీద బొగ్గు పట్టిక తుడిచేసింది. కోడలి సర్వీసు ప్రస్తావన రోజుకొకసారి నుంచి వారానికొకసారికి తగ్గింది.

నడుము నయమై ఇమ్మానుయేలు గారు ఆఫీసుకి వచ్చిన రోజు పిడుగులాంటి కబురు తెచ్చారు.

"దమయంతి గారూ, డేటా బ్రహ్మాండంగా ఉంది. శుక్రవారం మీటింగులో బంతిని ఖరారు చేసేద్దాం. శనివారం మోటారు విప్పించేస్తాను."

"విప్పించడమేంటి సార్?"

"పరీక్ష అయిపోయాక పరీక్షా ఉపకరణం ఎందుకండీ? పక్క పట్టణంవాళ్ళు వాళ్ళ బంతి పరీక్షకి అడుగుతున్నారు."

"పోనీ, సంసిద్ధత వచ్చేస్తుంది గదా సార్. నా పాత మోటారు ఫైలు కదిలించండి."

"అది క్లోజ్ చేశామమ్మా. పదకొండో వార్డుకి మోటారు ఇచ్చినట్టు రికార్డులో ఉంది గదా. ఇచ్చినవాళ్ళకే మళ్ళీ ఎలా ఇస్తాం?"

దమయంతి ఇన్నాళ్ళూ బంతి తొందరగా తేలాలని వెయ్యి దేవుళ్ళకి మొక్కిన మనిషి. ఇప్పుడు తేలితే మొదలే మునుగుతుంది. అబద్ధపు అంకెలు రాద్దామా అంటే అది ఆమె ఇరవై రెండేళ్ళుగా చేయని పని. పైగా అంకెలు తప్పుగా రాసినా ఏదో ఒక బంతి గెలుస్తుంది. గెలవకూడనిది ఏదో ఒకటి కాదు, మూడూ.

గురువారం పొద్దున వరసలో ఆడవాళ్ళకి విషయం చెప్పింది.

"రేపు నేనొస్తా అక్కా మీ మీటింగుకి," అంది మస్తానమ్మ.

"వచ్చి ఏం చెప్తావు?"

"అడిగింది జెప్తా. నేనేమన్నా సదువుకున్నానా, అడగంది జెప్పడానికి?"

శుక్రవారం మీటింగులో మస్తానమ్మ 'క్షేత్రస్థాయి సాక్షి'గా హాజరైంది. ఏ, బీ, సీ బంతులు మూడూ వెండి పళ్ళెంలో గుడ్డ పరిచి పెట్టారు. త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీశారు.

"అమ్మా! మీరు ఒక చారిత్రక ప్రక్రియలో భాగస్వాములయ్యారు. మీ అనుభవం ప్రకారం ఈ మూడింటిలో ఉత్తమ గోళం ఏది?"

మస్తానమ్మ మూడింటినీ చూసింది. కమిషనర్ గారి వైపు చూసింది.

"ఎవురి చేతికి సారూ?"

"అంటే?"

"నా చేతికైతే గట్టిది. ఇసిరికొడతా గాబట్టి అంతెత్తున పోద్ది. మా ఆడబిడ్డది సన్నపు చెయ్యి, దాని కాడ ఆ గట్టిది మొండికేసుద్ది. దానికి మెత్తది గావాల. దమయంతక్కోళ్ళ అత్తకి నడిమిది. సెప్పు ఎవురి కాలికి వాళ్ళు కొలుసుకున్నట్టే సారూ. మీరు కొనేది ఎవురి చేతికి?"

దమయంతి మెల్లగా సర్క్యులర్ తీసి, నాలుగో పేరా చదివింది. "నిర్ధారించబడిన గోళమును సంస్థాధిపతి పెట్టుబడిదారుల సమక్షమున వినియోగించవలెను." సంస్థాధిపతి అంటే కమిషనర్ గారు.

"అయితే మీ చెయ్యి కొలవాల సారూ," అంది మస్తానమ్మ. "రండి, పోదాం."

పదకొండో వార్డు జనమంతా ట్యాంకు దగ్గరే ఉన్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఇంటికీ పోలేదు. త్రివిక్రమరావు గారు కోటు విప్పి ఇంజినీరు గారికి ఇచ్చారు. బోరింగు చెయ్యి అందుకుని, 'ఏ' బంతి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ఊపారు. గాలి మాత్రమే కదిలింది. రెండోసారి బంతి కదిలింది. ఏడడుగులు వెళ్ళి ఆగింది. బీ బంతి ఏడడుగులు. సీ బంతి కూడా ఏడడుగులే.

దమయంతి ముఖంలో ఏ భావమూ లేకుండా రాసుకుంది. "దూరగామిత్వము సమానము. భ్రమణశీలత కనిపించలేదు. నియంత్రణీయత అత్యుత్తమము."

"ఈ అంకెలు పైకి పంపించాలా?" అన్నారు కమిషనర్ గారు, చెమట తుడుచుకుంటూ, చిన్న గొంతుతో.

"పంపక్కర్లేకుండా ఒక మార్గం ఉంది సార్."

ఆ సాయంత్రం ఆయన సంతకం చేసిన తీర్మానం ఇది. "గోళము చేతిని బట్టియు, చెయ్యి సంస్థాధిపతిని బట్టియు నిర్ణయమగును. ప్రస్తుత సంస్థాధిపతి చెయ్యి అభివృద్ధి దశలో ఉన్నందున పరీక్షలు కొనసాగించవలెను. సంస్థాధిపతి మారినచో, నూతన సంస్థాధిపతి చేతికి పరీక్షలు మొదటినుండి ప్రారంభించవలెను. అంతవరకు ఉపకరణమును కదిలించరాదు."

మల్లెలవాగులో ఏ కమిషనరూ ఏడాదికి మించి ఉండరు.

త్రివిక్రమరావు గారు తొమ్మిది అడుగుల దాకా వచ్చి బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినాయన పన్నెండు అడుగులు. ఆ తర్వాతావిడ బంతిని ముట్టుకోనే లేదు, వార్డు ఆడవాళ్ళనే కొట్టమని, తను గొడుగు కింద కాఫీ తాగేవారు. పరీక్షలు కొనసాగుతున్నాయని రాస్తే తొంభై రోజుల గడువును పై ఆఫీసు ప్రతిసారీ పొడిగించేది. మోటారు మీద ఎర్ర రంగు వెలిస్తే దమయంతి కొత్త రంగు వేయించింది.

నాలుగో కమిషనర్ జగదీశ్వర్ గారు కుర్రవాడు. చేరిన మర్నాడు ఫైలు చూసి, "ఓ, నేను కాలేజీలో నాలుగేళ్ళు గోల్ఫ్ ఆడాను" అన్నాడు. దమయంతి ఫైలుని మెల్లగా తన వైపుకి లాక్కుంది.

పొద్దున ఆరింటికి ఆయన సొంత కర్రతో వచ్చాడు. బంతి ముందు నిలబడిన తీరు చూసే మస్తానమ్మ పక్కనున్న సుభానితో "అయిపోయాం" అంది. నడుము తిరిగింది, కర్ర తిరిగింది, టప్‌మని ఒక్క శబ్దం. బీ బంతి నీలం ఆకాశంలోకి లేచి, ఎండలో మెరిసి, హైస్కూలు గోడకవతల, రాఘవులు గారి మేడకవతల ఎక్కడో పడింది. మోటారు తిరుగుతోంది. దూరం, గిరికీ, అదుపు, అన్నీ ఉన్న చెయ్యి ఇన్నేళ్ళకి దొరికింది. దమయంతి కలం ఎత్తింది గానీ అంకె రాయలేకపోయింది.

జగదీశ్వర్ గారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని బంతి పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నొసలు చిట్లించాడు.

"ఇంకో పది గజాలు పోవాలే. కొంచెం ఎడమకి కూడా లాగింది. ఈ బంతి సరైంది కాదు."

రెండోది కొట్టాడు, మూడోది కొట్టాడు. గట్టిది సరిగ్గా ఆగట్లేదన్నాడు, మెత్తది ఎక్కువ తిరుగుతోందన్నాడు. వేరే రకాలు ఆరు తెప్పించమన్నాడు. రేపటి నుంచి గంటన్నర చాలదు, రెండున్నర గంటలు కావాలన్నాడు.

మస్తానమ్మ బిందె చంకనెత్తుకుని దమయంతి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఆట రానోళ్ళకంటే ఆట వచ్చినాయనే నయం దమయంతక్కా. రానోళ్ళు తప్పంతా చేతిదనుకుంటారు, ఎప్పటికో ఒకప్పటికి బాగుపడతారు. ఈయన తప్పంతా బంతిదే అంటన్నాడు." వరస వైపు తిరిగి గొంతెత్తింది. "ఏమ్మేయ్, రెండున్నర గంటలంట! పోయి ఇంట్లో ఉన్న గంగాళాలు గూడా తెచ్చుకోండి!"